రొద లేని సెట్టు

తరిగొప్పుల కనకయ్య జన్మలో అబద్ధమాడలేదని ఆ చుట్టుపక్కల గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, ఆడలేదు. ఆ మాట వింటేనే ఒళ్ళు మండిపోతుంది. ఒక్కటంటే ఒక్క అబద్ధానికి తెగించి ఉంటే ముగ్గురు మనుషులు బతికి బట్టకట్టేవారు.

ముందు ఆయన పుట్టిన వాడ పద్ధతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన చేసిన పని ఎవరికీ అర్థం కాదు. ఊరి చివర ముప్పై గుడిసెలు. సగం ఇళ్ళవాళ్ళు బాప్తిస్మం పుచ్చుకున్నారు. రెండు నెలలకోసారి పాదిరి ఎడ్లబండి మీద వచ్చి, అబద్ధమాడితే నరకానికి పోతారని చెప్పి వెళ్ళేవాడు. దొర ఉండే గడీలో నిజం చెబితే నరకం ఇక్కడే కనబడేది. ఈ రెంటి నడుమ పిల్లాజెల్లాతో బతకాలి గదా! అందుకని వాడవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. ఎవడన్నా గడీ కల్లంలోంచి ఇన్ని జొన్నలు తెచ్చి దాచుకుంటున్నా, వెట్టి చేయలేక ఊరొదిలి పారిపోతున్నా, ఇరుగు పొరుగు గోడవైపు తిరిగి నిలబడేవారు. చప్పుడైనా మెడ తిప్పేవారు కాదు. తర్వాత గడీ జవాను వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి అడిగినా, చూడలేదు దొరా అని ధైర్యంగా చెప్పొచ్చు. చూడలేదన్నది నిజమే గదా.

కనకయ్యకు ఈ విద్య తల్లి మార్తమ్మ నేర్పింది, అదీ దెబ్బలతో. ఏడేళ్ళ వయసులో ఆయన గోడవైపు తిరగలేదు. పక్కింటి సాంబయ్య గడ్డివాములో మూట దాస్తుంటే కళ్ళారా చూశాడు. జవాను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. సాంబయ్యను గడీ ముందు పడేసి చింతబరిగెలతో కొట్టారు. ఒక కాలు మళ్ళీ సరిగా నిలవలేదు. ఆ సాయంత్రం మార్తమ్మ కొడుకును లోపలికి పిలిచి తలుపేసింది.

"నిజం జెప్పినందుకు కొడతలేను కొడుకా. నిన్నెవడు జూడుమన్నడు? చూసినందుకు కొడుతున్న," అంది. వీపు చిట్లిపోయేదాకా కొట్టింది. కొడుతూ తానూ ఏడ్చింది.

ఆ రోజు నుంచి కనకయ్య ఏదైనా గొడవ జరిగే చోట ముఖం తిప్పుకోవడం నేర్చాడు. ఎంత బాగా నేర్చాడంటే, పెద్దయ్యాక అదే తన మంచితనమని నమ్మేశాడు.

మిషను బళ్ళో ఏడో తరగతి దాకా చదివాడు. యుద్ధం రోజుల్లో జనగామలో రైలెక్కి సికింద్రాబాదు పోయి ఫౌజులో చేరాడు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కనుక వైర్‌లెస్ పనికి తీసుకుని జబల్పూరు పంపారు. దస్రు కలిసింది అక్కడే. గార్ల దగ్గర ఒక తండా వాడు. గార్ల స్టేషన్లో నీళ్ళు మోస్తూ, తంతి కొట్టే తారుబాబు వేళ్ళు చూసి చూసి మోర్సు భాష సగం నేర్చుకుని వచ్చాడు. మొత్తం బ్యారక్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఈ ఇద్దరే. ఒక కంచంలో తిన్నారు, ఒక దుప్పటి కప్పుకున్నారు. కనకయ్యకు ఏ చిన్న విషయానికైనా భయం. దస్రుకు భయమంటే ఏంటో తెలియదు. పై అధికారి తిడితే కూడా పళ్ళికిలించేవాడు.

మోర్సంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చిన్న మోత, పెద్ద మోత, ఈ రెంటినీ కలిపి అక్షరాలు. అయితే చేతిరాత ఎవరిది వారిదైనట్టే మోత కూడా ఎవరిది వారిదే. ఇంఫాల్ దగ్గర ఒక గుండు పెంకు దస్రు కుడి మణికట్టులోంచి దూసుకుపోయింది. చెయ్యి దక్కింది గానీ, అప్పటి నుంచి అతని పెద్దమోత సాగేది, ఆ తర్వాతి చిన్నమోత తొట్రుపడేది. కుంటివాడు గడప దాటినట్టుండేది. వందమంది ఒకేసారి మోగిస్తున్నా అందులో దస్రు ఎవడో కనకయ్య ఇట్టే చెప్పేవాడు.

యుద్ధమయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు చేరారు. ఊళ్ళల్లో రైతుకూలీల సంఘం లేచింది, గడీల మీదికి జనం పోయారు, రజాకార్లు ఊళ్ళు తగలబెట్టారు. ఆ రోజుల్లోనే దస్రు ఒకసారి తరిగొప్పులకు వచ్చాడు. యుద్ధం సామాను వేలంలో సంఘం ఒక వైర్‌లెస్ సెట్టు కొన్నదనీ, నడపడానికి ఇద్దరు కావాలనీ చెప్పాడు. కనకయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. తల్లికి కళ్ళు సరిగా కనబడవని, తను పోతే ఆమెకు గంజి పోసే దిక్కు లేదని అన్నాడు. అదీ నిజమే. దస్రు కోపగించుకోలేదు. మార్తమ్మ పెట్టిన జొన్నగట్క తిని, ముసల్దాని కాళ్ళకు దండం పెట్టి, ఒక్కడే అడవి దారి పట్టాడు.

పోలీస్ యాక్షన్ జరిగింది. రజాకార్లు పోయారని జనం సంబరం చేసుకునే లోపే, పారిపోయిన దొరలు మిలటరీ లారీల వెనకే గడీలకు తిరిగొచ్చారు. సంఘం పంచిన భూములు మళ్ళీ వాళ్ళ చేతుల్లోకి పోయాయి. రజాకార్ల మీద వచ్చిన తుపాకులు ఇప్పుడు సంఘం వైపు తిరిగాయి. ఏం న్యాయమో ఆ దేవుడికే తెలియాలి. సంఘం దళాలు భూపాలపల్లి అడవుల్లోకి జరిగాయి. అప్పుడే పోలీసు శాఖ వైర్‌లెస్ తెలిసిన మాజీ సిపాయిలు కావాలని కబురు పెట్టింది. కనకయ్య చేరాడు. తల్లిని దవాఖానలో చూపించాలి, కొలువు కావాలి. ఎవరి దగ్గర కొలువు, ఎవరి మీద కొలువు అన్న ఆలోచన వచ్చినప్పుడు అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు.

మానుకోట దాటి చాలా దూరం పోయాక, అడవి అంచున ఒక పాత బంగళాలో క్యాంపు. అడవిలో తండాలన్నీ తగలబెట్టి, జనాన్ని తోలుకొచ్చి, బంగళా ముందు మైదానంలో ముళ్ళకంచె లోపల కుదేశారు. దళాలకు గింజ అందకూడదని ఆ ఏర్పాటు. కంచె దాటితే కాల్పులే. ముందుగా కబురు లేకుండా అడవిలోంచి ఎవడొచ్చినా కాల్చెయ్యమని గస్తీవాళ్ళకు హుకుం. కబురు పంపి లొంగిపోతే మాత్రం ప్రాణాలకు ఢోకా లేదని విమానంలోంచి కాగితాలు జల్లారు. కబురు మోసే మనిషి కంచె దగ్గరికి ప్రాణాలతో ఎట్లా రావాలో ఆ కాగితాల్లో రాయలేదు.

క్యాంపులో వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. బెజవాడ అవతలి మనిషి. యుద్ధానికి ముందు లైసెన్సు తీసుకుని, డాబా మీద ఏరియల్ కట్టి, సరదా కొద్దీ సింహళం దాకా మాట్లాడిన చరిత్ర ఆయనది. యుద్ధం రాగానే సర్కారు ఇళ్ళల్లో సెట్లన్నీ తీసుకుపోయింది. ఆ బెంగ ఆయనకింకా తీరలేదు. అందుకే వేలంలో కొన్న తన సొంత అమెరికా సెట్టును క్యాంపుకు తెచ్చుకుని, మెత్తటి గుడ్డతో రోజూ తనే తుడిచేవాడు. చెడ్డవాడని చెప్పలేం. కనకయ్యతో బాగానే ఉండేవాడు, కాకపోతే నోరు తెరిస్తే వెక్కిరించేవాడు. కనకయ్య "ఇనబడతలేదు సార్" అంటే, "వినపడట్లేదు అనవయ్యా, అదేం భాష!" అని నలుగురిలో నవ్వేవాడు. కనకయ్య కూడా నవ్వేవాడు. లోపల మాత్రం చురుక్కుమనేది.

అడవిలో సంఘం సెట్టు ఒకటి పనిచేస్తున్నదని పైవాళ్ళకు ఉప్పందింది. దాన్ని పట్టడమే ఇన్‌స్పెక్టరు పని. డయల్ మీద ఏ గీత దగ్గర మోగుతున్నదో ఒక్కసారి తెలిస్తే చాలు, దిక్కు పసిగట్టే బండ్లు రెండు వరంగల్లు నుంచి వస్తాయి. ఇటు నుంచి ఒక గీత, అటు నుంచి ఒక గీత గీసి, రెండూ కలిసిన చోట ఫౌజు దిగుతుంది. రోజూ పొద్దున ఏడు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి ఆరు, ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే సెట్టును వినాలి. తిప్పేది కనకయ్య, పక్కన కళ్ళు మూసుకుని వినేది ఇన్‌స్పెక్టరు. విన్నది రిజిస్టరులో రాసేది కనకయ్య. మిగతా వేళల్లో సెట్టు పెట్టెలో ఉండేది. తాళం ఇన్‌స్పెక్టరు మొలకు ఉండేది. మధ్యాహ్నం పూట ఇంకో సెట్టు మీద క్యాంపు కబుర్లు వరంగల్లుకు మోగించడం కూడా కనకయ్య పనే.

ఆ సెట్టు గొప్పతనమంతా రొదను ఆపడంలో ఉండేది. అడవి మీద ఉరుములు, క్యాంపులో బ్యాటరీలు నింపే పెట్రోలింజను, ఈ రెంటికీ చెవుల్లో పేలాలు వేగుతున్నట్టుండేది. ఇన్‌స్పెక్టరు ఎంతో ముచ్చటపడి ఆ కిటుకు నేర్పించాడు. లోపల ఒక స్ఫటికపు బిళ్ళ ఉంటుంది. అదే ఫిల్టరు. ఒక నాబ్ తిప్పితే దాని కన్ను సన్నబడుతుంది, మనం నిలిపిన గీత దగ్గర వెంట్రుకవాసి మాత్రమే చెవికి చేరుతుంది, అటూ ఇటూ ఉన్న రొదంతా జల్లెడ పైనే ఆగిపోతుంది. పక్కన ఇంకో నాబ్. దాని పేరు ఫేజింగ్. దానిది ఉల్టా పని. చెవిని పీడించే ఈల ఏదైనా ఉంటే, సరిగ్గా ఆ ఒక్క చోటును గిల్లి పారేస్తుంది. మిగిలినవి వినబడతాయి, అదొక్కటీ వినబడదు. కనకయ్య పది రోజుల్లో గురువును మించిపోయాడు. ఆయన చెయ్యి పడితే సెట్టు పసిపాపలా నిద్రపోయేది.

వానాకాలం చివర ఒక పొద్దున, ఇన్‌స్పెక్టరు పెట్టె తాళం తీసి ముఖం కడుక్కోవడానికి పోయాడు. కనకయ్య సెట్టు వేడెక్కించి, ఫిల్టరు వెడల్పుగా వదిలి, ఊరికే డయల్ తిప్పుతున్నాడు. అరవై రెండో గీత దగ్గర, ఉరుముల చిటపటల అడుగున, సన్నగా ఒక మోత. పెద్దమోత సాగింది. చిన్నమోత తొట్రుపడింది. మణికట్టు దగ్గర ఎత్తుగా ఉన్న ఆ మచ్చ కనకయ్య కళ్ళ ముందు కనబడింది. దస్రు బతికున్నాడు! ఇంకో దళానికేదో అంకెల్లో కబురు పంపుతున్నాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది.

వింటే రాయాలి. రాస్తే బండ్లు వస్తాయి, దస్రు చస్తాడు. విని రాయకపోతే అబద్ధం. ఇంకొకడైతే ఏం చేసేవాడు? విని, గుండెలో పెట్టుకుని, ఏం లేదని రాసి పారేసేవాడు. ప్రాణస్నేహితుడి కోసం ఆ మాత్రం చేయని వాడెవడు? కనకయ్య మాత్రం వేరే పని చేశాడు. ఫిల్టరు కన్ను సన్నం చేసి, ఫేజింగ్ నాబ్ పట్టుకుని, దస్రు మోతను ఉన్నచోటే గిల్లి పారేశాడు. అది మాయమైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుని ఏమన్నా ఉందా అని కనుబొమ్మలెగరేశాడు. గిప్పుడైతే ఏం ఇనబడతలేదు సార్ అన్నాడు కనకయ్య. అక్షరాలా నిజం. రిజిస్టరు తీసి, ఏమీ వినబడలేదని రాశాడు.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. డయల్ అరవై దాటుతుందనగానే రెండు నాబ్‌లూ ముందే సర్దేవాడు. ఆ చోటు చెవుల్లో బావిలో దిగినంత నిశ్శబ్దంగా దాటిపోయేది. ఒకరోజు ఇన్‌స్పెక్టరుకు అనుమానం కాదుగానీ ఆసక్తి కలిగి, ఇక్కడేమిటి ఇంత నున్నగా ఉందని అడిగాడు. ఆ గీత పక్కనే పెట్రోలింజను ఈల ఒకటి ఉండే మాట వాస్తవం. గీడ ఇంజన్ ఈల ఉంటది సార్, కోసేసిన అన్నాడు కనకయ్య. ఈల ఉండటం నిజం, కోయడం నిజం. ఈలతోపాటు దస్రును కూడా కోశావా అని ఆయన అడగలేదు. రొద ఉంటే ఎవరైనా అనుమానిస్తారు గానీ, రొద లేకపోతే ఎందుకు అనుమానిస్తారు? ఇన్‌స్పెక్టరు భుజం తట్టాడు. ఈ ఆపరేటరు చేతిలో సెట్టుకు రొద లేదని పై అధికారులకు రాశాడు కూడా.

సెలవు మీద ఇంటికి పోయినప్పుడు కనకయ్య తల్లికి చెప్పుకున్నాడు. పేరెత్తలేదు, ఒక మనిషి జాడ తనకు తెలిసే వీలుందనీ, తెలియకుండా చూసుకుంటున్నాననీ అన్నాడు. మార్తమ్మ తడుముకుంటూ వచ్చి కొడుకు ముఖం నిమిరింది. మంచి పని చేస్తున్నావంది. ఆ మాటతో ఆయనకు కడుపు నిండింది. ప్రార్థనలో మోకాళ్ళ మీద కూర్చుని, దస్రును కాపాడుతున్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. కాపాడుతున్నాడట!

ఇట్లా ఆరేడు నెలలు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. అడవిలో పరిస్థితి పాడైందని క్యాంపులో అందరూ అనుకునేవారు. ఆకులు రాలి దాక్కునే చోటు లేదు, వాగులు ఎండాయి, ఒక్కో దళంలో జ్వరాలతో సగం మంది పోయారు. ఆ కబురు విన్నప్పుడల్లా కనకయ్యకు దస్రు బతికున్నాడా అని ప్రాణం కొట్టుకునేది. తెలుసుకోవడమెంత పని? ఫేజింగ్ నాబ్‌ను గోటితో కొద్దిగా నెడితే చాలు. వారంలో ఒకసారైనా ఇన్‌స్పెక్టరు అగ్గిపెట్టె కోసమో మంచినీళ్ళ కోసమో లేచేవాడు. కనకయ్య నెట్టలేదు.

ఒక బుధవారం నాడు ఇన్‌స్పెక్టరును కమాండరు గుడారానికి పిలిచారు. ఏడుంపావుకు పోయినవాడు ఏడున్నర దాకా రాలేదు. గదిలో కనకయ్య ఒక్కడే. డయల్ అరవై రెండు మీద ఉంది. చెవుల్లో ఏ చప్పుడూ లేదు. చూపుడు వేలు నాబ్ మీదికి పోయింది. ఒక్కసారి వింటాను, బతికున్నాడని తెలిస్తే చాలు అనుకున్నాడు. వింటే? తర్వాత రిజిస్టరు తెరవాలి. ఈ చేత్తోనే రాయాలి. వేలు వెనక్కి తీసుకున్నాడు. చెమట పట్టిన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని, పెన్సిలు తీసి, ఏమీ వినబడలేదని రాశాడు. రాసినప్పుడు ఆయన మనసు నిమ్మళంగా ఉంది. అదే అన్నిటికంటే అసహ్యమైన సంగతి.

శుక్రవారం పొద్దెక్కాక వాగు దిక్కు నుంచి తుపాకులు పేలాయి. ఎక్కువసేపు పేలలేదు. మధ్యాహ్నానికి గస్తీవాళ్ళు ఎడ్లబండి మీద మూడు శవాలు తెచ్చి బంగళా ముందు దించారు. ఒకటి మోతీ అనే ముసలివాడిది, ఒకటి రామి అనే పడుచుపిల్లది, మూడోది దస్రుది. నాలుగో మనిషిని, దస్రు పెళ్ళాం లచ్చిని, చేతులు కట్టి నడిపించుకొచ్చారు. వెనక నడుస్తున్నది కనుక గుండు తగలలేదు. దస్రు ఎముకల గూడైపోయాడు. గడ్డం పెరిగి ముఖం గుర్తుపట్టేలా లేదు. కనకయ్య అతని కుడి మణికట్టు చూశాడు, ఆ మచ్చ ఉంది. పక్కన ఒక వెదురుకర్ర పడి ఉంది, దానికి తెల్లటి తలగుడ్డ కట్టి ఉంది. కబురు లేకుండా వచ్చారు, గుడ్డ చాటున బాంబు లేదని మాకేం తెలుసని గస్తీ జమాదారు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. వాళ్ళ దగ్గర ఒక్క తుపాకీ కూడా దొరకలేదు.

దొరికింది గొంగడిలో చుట్టిన సెట్టు. ఇన్‌స్పెక్టరు దాన్ని బల్ల మీద పెట్టి, పిల్లవాడు బొమ్మను చూసినట్టు చూశాడు. బ్యాటరీకి చిన్న బల్బు తగిలిస్తే నిప్పుకణిక లాగా ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఆయన తమ రిజిస్టరు తెప్పించి, వేలు పెట్టి నెలలన్నీ చూశాడు.

"చూశావా కనకయ్యా, మనం పొరపాటు పడలేదు. ఆర్నెల్లుగా ఒక్క మోత లేదు. పాపం, చచ్చిన సెట్టును మోసుకు తిరిగారు," అన్నాడు.

కనకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు అడగలేదు గనుక జవాబు చెప్పలేదు. అప్పటికి ఆయనకు తెలిసింది తక్కువే. దస్రు తన ఖర్మ కొద్దీ, ముందు కబురు పంపాలన్న సంగతి తెలియక, గుడ్డ కట్టుకుని వచ్చి చచ్చిపోయాడనుకున్నాడు. తను చేయగలిగింది చేశానని, దేవుడి చిత్తం ఇట్లా ఉందని మనసుకు చెప్పుకున్నాడు.

లచ్చిని కంచెలో వేశారు. వారం తర్వాత బంగళాకు నీళ్ళు మోసే పని పెట్టారు. మొదటిరోజు కుండ దించి, వైర్‌లెస్ గది గుమ్మం దగ్గర ఆగింది. మధ్యాహ్నం వేళ. కనకయ్య అప్పుడే వరంగల్లుకు కబుర్లు మోగించి, కీ మీద నుంచి చెయ్యి తీశాడు. ఇన్‌స్పెక్టరు భోజనానికి పోయాడు. ఆమె చేతుల మీద గాజులు లేవు, జబ్బలకు ఎక్కించిన కడియాల గుర్తులు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"కనకన్నంటె నువ్వేనా?" అని అడిగింది.

ఆయన తలూపాడు. ఆమె గడపలో కూర్చుని, గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయింది. దస్రు రోజూ మధ్యాహ్నం ఆ యంత్రం చెవికి పెట్టుకునేవాడట. బ్యాటరీ అయిపోతుందని అందరూ మొత్తుకున్నా వినేవాడు కాదట. వింటూ ఒక్కడే నవ్వుకునేవాడట. ఏందని అడిగితే, మా కనకయ్య ముచ్చట పెడుతున్నాడని ఆమె చెవికి కూడా ఆనించేవాడట. ఆమెకు టిక్కుటిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. అతనికి మాత్రం ఆ చెయ్యి ఎవరిదో తెలుసు. జబల్పూరు నుంచీ తెలుసు.

కనకయ్య కూర్చున్న స్టూలు అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. దస్రు చెయ్యి తను గుర్తుపడితే, తన చెయ్యి దస్రు గుర్తుపట్టడా? ఇన్ని నెలల్లో ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

లచ్చి చెబుతూనే ఉంది. తిండి లేదు, రామికి జ్వరం దిగలేదు, ఇక లొంగిపోదామనుకున్నారు. కాగితం రాసి మనిషిని పంపుదామంటే, కంచె దాకా పోయేలోపు కాల్చేస్తారని మోతీ భయపడ్డాడు. మనిషెందుకు, అక్కడ మనవాడే కూర్చుని ఉన్నాడని దస్రు అన్నాడు. తను దగ్గినా వాడు వింటాడని అన్నాడు. పొద్దున ఏడింటికి ఫౌజువాళ్ళు వినే వేళ అని ఆ మధ్యాహ్నం కబుర్లలోనే పసిగట్టి, సోమ, మంగళ, బుధ మూడు రోజులూ సరిగ్గా ఆ వేళకే మోగించాడు. అంకెలు కాదు, దాపరికం లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. నలుగురం వస్తున్నం, ఆయుధాల్లేవు, శుక్రవారం వాగు కాడికి తెల్లగుడ్డతోని, కాల్చొద్దని చెప్పు కనకయ్యా అని. బుధవారం నాడు బ్యాటరీని నిప్పుల పక్కన పెట్టి వేడి చేసి, మిగిలిన కాస్త బలంతో అరగంట సేపు అదే మాట తిప్పితిప్పి మోగించాడు. జవాబు రాలేదు. జవాబిస్తే కనకయ్య కొలువుకు ముప్పని, విన్నాడులే అని చెప్పి నడవమన్నాడు.

బుధవారం. ఏడుంపావు నుంచి ఏడున్నర.

"ఇనబడలేదా అన్నా?" అంది లచ్చి. అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

చెప్పడానికి ఎంతో ఉంది. ఆ నాబ్ చూపించాలి, ఈ వేలు చూపించాలి, ఆమె కాళ్ళ మీద పడాలి.

"ఇనబడలే," అన్నాడు.

లచ్చి తనే తలాడించింది.

"నేనూ గదే అనుకున్న. బ్యాటరీల పానం లేకుండె. ఇనబడితె నువ్వెందుకు ఊకుంటవే అన్నా, పరుగెత్తి చెప్పక పోదువా. నువ్వేం మనసుల పెట్టుకోకు," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి, తన కంటే ఆయనకే ఎక్కువ బాధగా ఉందనుకుని, ఊకో అన్నా, ఊకో అని గడపలోంచే ఓదార్చింది. ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని లేచింది.

గుమ్మం నుంచి కంచె గేటు దాకా నలభై అడుగులుంటుంది. ఆమె మెల్లగా నడిచింది. వెనక్కి పిలవడానికి, జరిగిందేమిటో చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. ఆమె వినబడిందా అని అడిగింది, తను లేదని చెప్పాడు, అందులో అబద్ధమేమీ లేదు. ఎందుకు వినబడలేదని ఆమె అడగలేదు. ఆమె గేటు దాటేదాకా కనకయ్య గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.